తొండి లేని యుద్ధం: హెచ్.జి. వెల్స్ కథ

పోయిన సెమిస్టర్ ఇంటర్నల్స్ అయిపోయిన రాత్రి మా హాస్టల్ మూడో ఫ్లోర్‌లో పెద్ద గొడవ జరిగింది. మెస్ సాంబారు గురించి కాదు, మార్కుల గురించి కాదు. 1944 నార్మండీ గురించి! మా రూమ్మేట్, పక్క రూమ్ సివిల్ అన్న కలిసి రెండు వారాలుగా ఒక వార్‌గేమ్ ఆడుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధం మీద తయారైన టర్న్ బేస్డ్ గేమ్ అది. ఒకరు తన వంతు ఆడి సేవ్ ఫైల్ పంపాలి, రెండోవాళ్లు అది తెరిచి తమ వంతు ఆడి తిరిగి పంపాలి. మావాడు వరసగా గెలుస్తున్నాడు. ఏం చేస్తున్నాడో ఆ రాత్రి బయటపడింది. దాడి విఫలమైతే గేమ్ మూసేసి, పాత ఫైల్ మళ్లీ తెరిచి, అదే దాడి మళ్లీ చేస్తున్నాడు. తనకి నచ్చిన ఫలితం వచ్చేదాకా!

ఇది తొండి అన్నాడు అన్న. గేమ్ ఒప్పుకుంటున్నప్పుడు తొండి ఎలా అవుతుందన్నాడు మావాడు. నిజమే కదా, కంప్యూటర్ ఎక్కడా ఎర్రర్ చూపించలేదు. నియమం ఏదీ తప్పలేదు. అయినా ఆ ఫ్లోర్‌లో ఉన్న పదిమందికీ అది తొండి అనే తెలుసు.

మనందరికీ గల్లీ క్రికెట్ నుంచే ఈ సంగతి తెలుసు. ఎదురింటి గోడ దాటితే అవుట్, మొదటి బంతి ట్రయల్, వన్ పిచ్ వన్ హ్యాండ్. ఇవేవీ క్రికెట్ పుస్తకంలో ఉండవు. ఆట మొదలయ్యే ముందు అందరం కలిసి ఒప్పుకుంటాం, అంతే. మర్నాడు మా ఫ్లోర్‌లో కూడా అలాగే ఒక కాగితం రాసి తలుపుకి అంటించారు. పాత ఫైల్ మళ్లీ తెరవకూడదు. మొదటి టర్న్‌లోనే ఎదుటివాడి సైన్యం దిగే చోట ఫిరంగులు పేల్చకూడదు. రోజులో ఒక టర్న్ ఖచ్చితంగా పంపాలి.

ఆ కాగితం చూశాక నాకో కుతూహలం పుట్టింది. యుద్ధాన్ని ఆటగా ఆడుకునేవాళ్లు ఇలాంటి ఇంటి నియమాలు ఎప్పటినుంచి రాసుకుంటున్నారు? వెతుకుతూ పోతే నాకు బాగా తెలిసిన పేరే తగిలింది. 'ది టైమ్ మెషీన్', 'ది ఇన్విజిబుల్ మ్యాన్', 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' రాసిన హెచ్.జి. వెల్స్! సైన్స్ ఫిక్షన్ రచయితగా ఆయన అందరికీ తెలుసు. నేల మీద బోర్లా పడుకుని బొమ్మ సైనికులతో యుద్ధాలు చేసిన వెల్స్ చాలామందికి తెలియదు. నాకు ఆయన జీవితం అంతా ఆ ఆటలోనే కనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పింగాణీ కొట్టు అబ్బాయి

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబర్ 21న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో బ్రామ్లీ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న జోసెఫ్‌కి ఒక చిన్న కొట్టు ఉండేది. అందులో పింగాణీ సామాన్లు, క్రికెట్ సామాన్లు అమ్మేవాడు. కొట్టు అంతంత మాత్రం. అయితే జోసెఫ్ మంచి బౌలర్. కెంట్ తరఫున డబ్బులు తీసుకుని ఆడేవాడు. 1862లో ససెక్స్ మీద వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అలా తీసిన మొదటివాడు ఆయనే. అమ్మ సారా పెళ్లికి ముందు ఒక పెద్దింట్లో పనిచేసేది.

ఏడేళ్ల వయసులో, 1874లో, వెల్స్ కాలు విరిగింది. మంచం మీద నుంచి లేవలేని ఆ రోజుల్లో నాన్న తెచ్చిచ్చిన పుస్తకాలే అతనికి కాలక్షేపం. ఆ అలవాటు ఇక పోలేదు. మూడేళ్ల తర్వాత నాన్నకే తొడ ఎముక విరిగింది. క్రికెట్ ఆగిపోయింది, దాంతో వచ్చే డబ్బూ ఆగిపోయింది. అమ్మ మళ్లీ అప్‌పార్క్ అనే పెద్ద బంగళాలో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఉద్యోగంలో చేరింది. కొడుకుని బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి పెట్టారు. సౌత్‌సీలోని ఆ కొట్టులో రోజుకి పదమూడు గంటల చాకిరీ. రాత్రికి మిగతా కుర్రాళ్లతో కలిసి ఒకే హాల్లో పడక. 1881 నుంచి 1883 వరకు అలా గడిపి, ఇక నావల్ల కాదని అమ్మతో పోరాడి బయటికొచ్చేశాడు.

తర్వాత మిడ్‌హర్స్ట్‌లో ఒక బడిలో చదువుకుంటూ, చిన్నపిల్లలకి పాఠాలు చెబుతూ, పరీక్షలు రాశాడు. 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో స్కాలర్‌షిప్‌తో సీటొచ్చింది. వారానికి ఒక గినీ ఇచ్చేవాళ్లు. అది కడుపు నిండడానికి సరిపోయేది కాదు. అక్కడ మొదటి ఏడాది జీవశాస్త్రం చెప్పింది టి.హెచ్. హక్స్‌లీ. డార్విన్ సిద్ధాంతం కోసం ఊరూరా వాదించిన హక్స్‌లీ!

ఇక్కడి నుంచి కథ మనకి బాగా తెలిసినట్టే ఉంటుంది. మొదటి ఏడాది అదరగొట్టాడు. హక్స్‌లీ క్లాసు అయిపోయాక చదువు మీద ఆసక్తి సన్నగిల్లింది. డిబేటింగ్ సొసైటీలో తిరిగాడు. స్నేహితులతో కలిసి 'సైన్స్ స్కూల్స్ జర్నల్' అని ఒక కాలేజీ పత్రిక పెట్టాడు. 1887లో జియాలజీ ఫెయిలయ్యాడు. అవును, బ్యాక్‌లాగే! డిగ్రీ లేకుండానే బయటికెళ్లాడు. 1890లో గానీ లండన్ యూనివర్సిటీ నుంచి ప్రైవేటుగా జువాలజీలో బీఎస్సీ పూర్తి కాలేదు. కానీ 1888లో ఆ కాలేజీ పత్రికలోనే 'ది క్రానిక్ ఆర్గోనాట్స్' అనే కథ రాశాడు. కాలంలో ప్రయాణించే యంత్రం గురించిన కథ అది. ఏడేళ్ల తర్వాత 1895లో అదే ఆలోచన 'ది టైమ్ మెషీన్' అయి ఆయన్ని ఒక్కసారిగా పైకి తీసుకెళ్లింది. మన ఈ-మ్యాగజైన్‌కి కథలు పంపడానికి మొహమాటపడేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

భోజనం తర్వాత పేలిన ఫిరంగి

ఆ తర్వాత పుస్తకాలు వరసగా వచ్చాయి, డబ్బులొచ్చాయి. 1895లో ఎమీ క్యాథరిన్‌ని పెళ్లి చేసుకున్నాడు. అది ఆయన రెండో పెళ్లి. ఆమెని ఆయన జేన్ అని పిలిచేవాడు. శాండ్‌గేట్ అనే సముద్రతీరపు ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. 1901లో జార్జ్ ఫిలిప్, 1903లో ఫ్రాంక్ పుట్టారు. ఇంటి నిండా చెక్క ఇటుకలు, పలకలు, బొమ్మ రైళ్లు, సైనికులు. పిల్లలతో ఆడిన ఆ ఆటల మీద 1911లో 'ఫ్లోర్ గేమ్స్' అనే చిన్న పుస్తకం రాశాడు.

అసలు ఆట మాత్రం ఒక మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలైంది. ఇంటికొచ్చిన స్నేహితుడు కాఫీ వచ్చేలోగా ఊరికే ఉండలేక పక్క బల్ల మీదున్న బొమ్మ ఫిరంగి తీసుకున్నాడు. గురిచూసి ఒక బొమ్మ సైనికుణ్ణి పడగొట్టాడు. ఆ స్నేహితుడి పేరు వెల్స్ పూర్తిగా చెప్పలేదు. జె.కె.జె. అని పొడి అక్షరాలే ఇచ్చాడు. అది 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' రాసిన జెరోమ్ కె. జెరోమ్ అనే అందరూ అనుకుంటారు. ఆ ఫిరంగి స్ప్రింగుతో పనిచేస్తుంది. అంగుళం పొడవున్న చెక్క ముక్కని విసురుతుంది. తొమ్మిది గజాల దూరంలో ఉన్న బొమ్మని కూడా కొట్టగలదు. ఒకడు కొడితే రెండోవాడు ఊరుకుంటాడా? చూస్తుండగానే ఇద్దరు పెద్దమనుషులు తివాచీ మీద ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు కొండల్లా పేర్చి యుద్ధంలోకి దిగారు.

మొదట్లో నియమాలు దాదాపు లేవు. దాంతో మన హాస్టల్లో వచ్చిన ఇబ్బందులే వాళ్లకీ వచ్చాయి. ఫిరంగి దెబ్బకి భయపడి ఇద్దరూ సైన్యాన్ని అడ్డాల వెనక దాచేసి కూర్చుంటే ఆట కదలదు. ఒక్కో ఎత్తుకి ఎంతసేపైనా ఆలోచించే వీలుంటే ఆట తెల్లారదు. ఎదుటివాడి అమరిక చూసి మనది అమర్చుకుంటే ముందు అమర్చినవాడు మోసపోతాడు. ఒక్కో చిక్కు దగ్గర ఆగి, ఒక్కో నియమం రాసి, మళ్లీ ఆడి, మళ్లీ మార్చారు. అలా తయారైన నియమాలన్నీ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా వచ్చాయి. అందులో చాలా ఫొటోలు తీసింది జేన్.

బొమ్మా బొరుసా

ఆ పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది ఒక చిన్న నియమం. యుద్ధభూమిని, అంటే ఇళ్లు, కొండలు, చెట్లు, గోడలు అన్నిటినీ, ఒకడే అమర్చాలి. ఆ ఒకడెవరో వాళ్లిద్దరూ అనుకోవచ్చు, లేకపోతే నాణెం ఎగరేసి తేల్చుకోవచ్చు. కానీ ఏ వైపు నుంచి యుద్ధం చేయాలో ఎంచుకునేది రెండోవాడు!

ఇంట్లో అన్నదమ్ములకి మామిడిపండు పంచేటప్పుడు మన అమ్మమ్మలు చేసేది ఇదే కదా. కోసేవాడు ఒకడు, ముందు ముక్క తీసుకునేవాడు ఇంకొకడు. కోసేవాడు ఎంత స్వార్థపరుడైతే అంత సమానంగా కోస్తాడు. ఈ నియమం ఎవరి మంచితనాన్నీ నమ్ముకోలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. నా లాభం నేను చూసుకున్నా ఎదుటివాడికి అన్యాయం జరగకుండా ఏర్పాటు చేసింది.

మిగతా నియమాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. సైన్యాలు అమర్చేటప్పుడు మధ్యలో తెర కట్టాలి. ఇద్దరూ సిద్ధమయ్యాకే తెర తీయాలి. ఈరోజు మన గేముల్లో ఫాగ్ ఆఫ్ వార్ అని నల్లగా కనిపించేది ఒకప్పుడు నిజంగానే ఒక గుడ్డ. కాల్బలం ఒక ఎత్తులో ఒక అడుగు కదలాలి, గుర్రపు దళం రెండు అడుగులు. కళ్లతో అంచనా వేస్తే గొడవలొస్తాయి కాబట్టి ప్రతి ఆటగాడి దగ్గరా రెండు దారం ముక్కలుండాలి. ఒకటి రెండు అడుగులది, ఇంకోటి ఆరు అంగుళాలది. ఈ రెండోది దేనికంటే, ఫిరంగికి ఆరు అంగుళాల లోపల తన వాళ్లు నలుగురు బతికి ఉంటేనే అది పనిచేస్తుంది. ఒక వంతులో నాలుగు గుండ్ల దాకా పేల్చొచ్చు, లేదా ఫిరంగిని కదపొచ్చు. రెండూ కుదరవు.

ఇక టైము. ప్రతి ముప్పైమంది సైనికులకి ఒక నిమిషం, ప్రతి ఫిరంగికి ఒక నిమిషం. 110 మంది, మూడు ఫిరంగులు ఉంటే ఎంతో లెక్కేయండి. ఏడు నిమిషాలకి కాస్త తక్కువ. వెల్స్ ఏడు ఇచ్చాడు. టైము చూడటానికి వేరే మనిషి ఉంటాడు. వంతు వచ్చినవాడు తన గీతకి గజం వెనక నిటారుగా నిలబడాలి. ఆ మనిషి చెప్పాకే కదలాలి. టైమైపోయిందంటే చేతిలో పని చేతిలోనే ఆగిపోవాలి. దళాలు ఎదురుపడి కలబడితే ఒకరికి ఒకరు చొప్పున పడిపోతారు. సాయం అందని చోట చిక్కుకున్న చిన్న దళంలో మిగిలినవాళ్లు బందీలవుతారు. ఎవరు ఎలా పడ్డారో వాదించుకునే అవసరం లేదు, లెక్క ముందే రాసుంది.

వెల్స్‌కి ముందు ఇలాంటి ఆటలు లేవని కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి తయారుచేసిన క్రీగ్‌స్పీల్ అప్పటికే సైనికాధికారుల శిక్షణలో ఉంది. అందులో పటాలు, పాచికలు, అన్నిటికీ తీర్పు చెప్పే అంపైర్ ఉంటారు. అది చప్పగా ఉంటుందని వెల్స్ అభిప్రాయం. ఆయనకి కావలసింది అధికారుల శిక్షణ కాదు, ఇద్దరు స్నేహితులు మధ్యాహ్నం ఆడుకుని, సాయంత్రానికి కూడా స్నేహితులుగానే మిగిలే ఆట.

ఆ ఆట తర్వాత చాలా దూరం వెళ్లింది. పీటర్ కుషింగ్ అనే సినిమా నటుడు అదే నియమాలతో ఆడుకుంటూ 1956లో ఒక న్యూస్‌రీల్‌లో కనిపిస్తాడు. 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన గ్యారీ గైగాక్స్, 2004లో 'లిటిల్ వార్స్' కొత్త ముద్రణకి ముందుమాట రాశాడు.

గేమ్ ఒప్పుకుంది కాబట్టి

'లిటిల్ వార్స్' చివర వెల్స్ ఒక మాట చెప్పి ముగిస్తాడు. దాని సారాంశం ఇది. ఈ ఆటని మూడు నాలుగుసార్లు ఆడండి చాలు. నేల మీద వందమంది బొమ్మల్ని నడపడంలోనే ఇన్ని పొరపాట్లు చేసేవాళ్లం, నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో అర్థమైపోతుంది. యుద్ధం చేయాలని ఉబలాటపడే రాజులకీ సేనాపతులకీ బొమ్మలిచ్చి ఒక గదిలో కూర్చోబెడితే లోకం బాగుపడుతుందని ఆయన వేళాకోళం చేశాడు.

పుస్తకం వచ్చింది 1913లో. మరుసటి ఏడాదే నిజం యుద్ధం వచ్చింది.

ఇక్కడ వెల్స్‌ని దేవుణ్ణి చేయకూడదు. 1914 ఆగస్టులో ఆయన శాంతి గురించి రాయలేదు, యుద్ధాన్ని సమర్థిస్తూ రాశాడు. ఈ ఒక్క యుద్ధం గెలిస్తే ఇక యుద్ధాలే ఉండవని నమ్మి 'ది వార్ దట్ విల్ ఎండ్ వార్' అని వ్యాసాల పుస్తకం వేశాడు. తర్వాత ఆ పేరే లోకానికి ఎగతాళి అయింది. 1918లో ప్రభుత్వ ప్రచార విభాగంలో కొంతకాలం పనిచేశాడు కూడా. ఇంట్లో కూడా ఆయన నియమాలు నేల మీద ఆటలో ఉన్నంత గట్టిగా లేవు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన 1914 ఆగస్టు 4నే, రచయిత్రి రెబెకా వెస్ట్‌తో ఆయనకున్న సంబంధం వల్ల ఆంథొనీ అనే కొడుకు పుట్టాడు. జేన్‌కి ఈ సంగతులన్నీ తెలుసు. ఆట ఫొటోలు తీసిన ఆమె ఎంత సహించిందో ఆ ఫొటోల్లో కనిపించదు.

యుద్ధానికి నియమాలు అప్పటికే ఉన్నాయి. 1899లో హేగ్‌లో దేశాలన్నీ కూర్చుని, ఊపిరాడనివ్వని వాయువులు చిమ్మే గుండ్లు వాడకూడదని ఒక ప్రకటన రాసుకున్నాయి. జర్మనీ కూడా ఒప్పుకుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం 5,700కు పైగా సిలిండర్లు తెరిచి గాలివాటుగా క్లోరిన్ వదిలింది. అది నియమం తప్పడం కాదా? జర్మనీ వైపు వాదన ఏమిటంటే, ప్రకటనలో ఉన్నది గుండ్ల గురించి. మేము గుండ్లు పేల్చలేదు, సిలిండర్లు తెరిచాం.

ఇది చదివినప్పుడు నాకు మా రూమ్మేట్ గుర్తొచ్చాడు. గేమ్ ఒప్పుకుంది కాబట్టి తొండి కాదన్నాడు కదా, సరిగ్గా అదే వాదన! నాలుగు రోజుల తర్వాత ఏప్రిల్ 26న అదే చోట ఎదురుదాడికి దిగిన మన భారతీయ సైనికుల లాహోర్ డివిజన్ మీదకి కూడా ఆ వాయువు వచ్చింది. ఎక్కడి పంజాబు, ఎక్కడి బెల్జియం! అదే ఏడాది సెప్టెంబర్‌లో లూస్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు కూడా సిలిండర్లు తెరిచారు. ఒకడు తొండి చేసి తప్పించుకుంటే రెండోవాడు కూడా అదే చేస్తాడు. నేల మీద ఆటలో ఉన్న టైము చూసే మనిషి ఇక్కడ లేడు. ఆగమంటే ఆగేవాళ్లూ లేరు.

విచిత్రం ఏమిటంటే, మనుషుల మీద విషవాయువు ప్రయోగించడం 1898లోనే వెల్స్ 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో ఊహించి రాశాడు. కాకపోతే అందులో ఆ పని చేసింది మార్స్ నుంచి వచ్చినవాళ్లు.

పెద్ద ఆటకి నియమాలు

ఆ యుద్ధం తర్వాత మిగిలిన జీవితమంతా వెల్స్ ఒకే పని మీద పెట్టాడని చెప్పొచ్చు. ప్రపంచం అంతటికీ కలిపి ఒక ఇంటి నియమాల కాగితం రాయడం. దేశాల మధ్య టైము చూసే మనిషి ఒకరుండాలని నానాజాతి సమితి కోసం వాదించాడు. తీరా వచ్చిన సమితి బలహీనంగా ఉందని దాన్నే విమర్శించాడు. ఏ దేశం పిల్లలు ఆ దేశం గొప్పలే చదివితే పోట్లాటలు ఆగవని, మనుషులందరి కథ ఒకటిగా చెబుతూ 1920లో 'ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ' తెచ్చాడు. 1920లో లెనిన్‌ని, 1934లో రూజ్‌వెల్ట్‌ని, స్టాలిన్‌ని కలిసి మాట్లాడాడు. తివాచీ మీద ఆడిన పెద్ద కొడుకు జార్జ్ ఫిలిప్ ఎదిగి జంతుశాస్త్రవేత్త అయ్యాడు. తండ్రీకొడుకులు, తన గురువు హక్స్‌లీ మనవడు జూలియన్, ముగ్గురూ కలిసి 'ది సైన్స్ ఆఫ్ లైఫ్' రాశారు.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికి వెల్స్‌కి 72 ఏళ్లు. అసలు మనం దేనికోసం పోరాడుతున్నామో ముందు రాసుకుందాం అని ఆ అక్టోబర్‌లో 'టైమ్స్' పత్రికకి ఉత్తరం రాశాడు. దానితో పాటు ప్రతి మనిషికీ ఉండాల్సిన హక్కుల చిట్టా ఒకటి తయారుచేశాడు. దాని మీద పెద్ద చర్చ జరిగింది. లార్డ్ శాంకీ అధ్యక్షతన ఒక కమిటీ కూర్చుని దాన్ని సరిదిద్దింది. 1940లో 'ది రైట్స్ ఆఫ్ మ్యాన్' పేరుతో అది చవక ధర పుస్తకంగా వచ్చింది. గమనించండి, ఆయన యుద్ధం అయిపోయాక చూద్దాం అనలేదు. ఎవరు గెలుస్తారో తెలియక ముందే నియమం రాయాలన్నాడు. ఏ వైపు వస్తుందో తెలియకుండా యుద్ధభూమి అమర్చే పద్ధతి ఇదే కదా! 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్య సమితి ప్రకటించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనకి ముందు నడిచిన పత్రాల్లో వెల్స్ మొదలుపెట్టిన ఈ కాగితం కూడా ఒకటి.

అది చూడటానికి ఆయన లేడు. లండన్ మీద బాంబులు పడుతున్నా హానోవర్ టెర్రస్‌లోని ఇల్లు వదల్లేదు. 1914లో రాసిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో అణుబాంబు అనే ఊహ చేసింది ఆయనే. 1932లో ఆ నవల చదివిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌కి, మరుసటి ఏడాది అణు చైన్ రియాక్షన్ ఆలోచన వచ్చింది. 1945 ఆగస్టులో హిరోషిమా వార్త వినడానికి వెల్స్ బతికే ఉన్నాడు. ఆ ఏడాది వచ్చిన ఆఖరి పుస్తకాల్లో మనిషి మీద ఆశ దాదాపు అడుగంటింది. 1946 ఆగస్టు 13న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. వయసు 79.

తలుపు మీద కాగితం

వెల్స్ ఓడిపోయాడా? నేల మీద ఆటలో నియమాలు నిలిచాయి, ఎందుకంటే అక్కడ ఇద్దరికీ గెలుపు కంటే ఎదుటివాడు రేపు మళ్లీ ఆడటానికి రావడం ముఖ్యం. బయటి ప్రపంచంలో అది లేదు. కాగితం మీద ఎన్ని మాటలు రాసినా, రాయని సందు కోసం వెతికేవాడు ఎప్పుడూ ఉంటాడు. సిలిండర్లు తెరిచినవాళ్లు చదువుకున్నవాళ్లే. ఆ వాయువు ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించిన ఫ్రిట్జ్ హేబర్ మన కెమిస్ట్రీ పుస్తకంలో అమోనియా దగ్గర కనిపించే హేబరే. సాంకేతికంగా కుదురుతుందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మనకి నాలుగేళ్లు నేర్పుతారు. కుదిరినా చేయొచ్చా అన్నది ఏ సిలబస్‌లో ఉందో నాకైతే కనిపించలేదు. అది గల్లీ క్రికెట్‌లో నేర్చుకున్నదే మిగులుతుంది.

మా ఫ్లోర్ సంగతి చెప్పి ముగిస్తాను. అన్న, మా రూమ్మేట్ వారం రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత ఒకరోజు మావాడే వెళ్లి తలుపు మీద కాగితంలో నాలుగో నియమం కలిపాడు. మ్యాప్ పెట్టేది ఒకడు, సైడ్ ఎంచుకునేది ఇంకొకడు. వెల్స్ గురించి నేను చెబితే విన్నాడో లేదో అనుకున్నాను, విన్నాడన్నమాట. ఆ రాత్రి నార్మండీ మళ్లీ మొదలైంది. మ్యాప్ పెట్టింది మావాడు. జర్మన్ సైడ్ తీసుకుంది అన్న. మావాడు ఓడిపోయాడు. పాత ఫైల్ తెరవలేదు.